క్లౌ దొరగారు వేచి ఉన్న పదిహేను నెలలు

కూటి కోసం క్రైస్తవులయ్యారనే మాట మన ప్రాంతంలో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. నిజామాబాదు బస్సులోనో, బోధన్ అంగడిలోనో ఎవరో నవ్వుతూనే అనేస్తారు. ఆ రాత్రి మన ఇంట్లో కుటుంబ ప్రార్థన సరిగా సాగదు. రేపు ఏమి జవాబు చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూ పడుకుంటాము.

ఈ మాట కొత్తది కాదు. నూట నలభై ఏళ్ల క్రితం దీనిని మోసినవారిలో ఒకరు ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. నిజాంసాగర్ కాలువ కింద సేద్యానికి కోస్తా నుంచి వచ్చి, బోధన్, వర్ని చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాలలో ఒంగోలు వైపువారికి ఈ పేరు పరిచయమే. తక్కినవారి కోసం ఆయన సంగతి కొంచెం చెప్పాలి.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యవ్వనంలో సర్వేయర్ల బృందంతో అడవుల వెంట తిరిగి భూములు కొలిచారు. వకీలు కావాలన్నది ఆయన ఆశ. అయోవాలో కాలేజీ చదువుతుండగా ప్రభువును నమ్ముకుని ఆ దారి విడిచారు. 1865లో భార్య హారియెట్‌తో మన దేశానికి వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఎనిమిది మందితో మొదలైంది.

మొదటి విమర్శ ఆ రోజుల్లోనే వచ్చింది. తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ పల్లెలు కదలడం మొదలైంది. ఊరి పెద్దలు మర్యాదగానే అభ్యంతరం చెప్పారు: వీరిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను బడికి పంపము అని. దొరగారు, దొరసానిగారు చెరొక గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందట. దేవుడు బలహీనులను ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. ఆ అభ్యంతరాన్ని ఆయన అంగీకరించలేదు. పిల్లలు బడి మానేశారు. నష్టాన్ని భరించారు.

రెండవసారి అలా కాలేదు. 1876లో మద్రాసు రాజధాని అంతటా కరువు పట్టింది. లక్షలాది జనం చనిపోయారు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. భూమి కొలిచిన పాత అనుభవంతో దొరగారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నారు. మాదిగలకు మేస్త్రీల తిట్లు, దెబ్బలు లేకుండా కూలి దొరికే చోటు అదే. సువార్తికులే పనిమీద పెద్దలు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ కూలీల మధ్య కూర్చుని యేసును గూర్చి చెప్పేవారు. ఆ తరువాత విరాళాల సొమ్ము పంచే బాధ్యత కూడా ఆయన మీదే పడింది.

జనం బాప్తిస్మము అడగడం మొదలుపెట్టారు. డబ్బు పంచే చెయ్యి, బాప్తిస్మమిచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు లోకం ఏమంటుందో ఆయనకు తెలుసు. ఆ మాటను దూషణ అని కొట్టిపారేయలేదు. అందులో కొంత నిజం ఉండవచ్చునని ఒప్పుకున్నారు. ఆకలితో ఉన్న మనిషి ఎందుకు వచ్చాడో ఒక్కోసారి అతనికే తెలియదు కదా! 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, పదిహేను నెలలు, ఒక్కరికైనా బాప్తిస్మము ఇవ్వలేదు.

ఇది తేలిక నిర్ణయమని ఎవరూ అనుకోవద్దు. అడిగినవారిలో నిజమైన విశ్వాసులు ఉన్నారు. వారిలో కొందరు కరువులోనో కలరాలోనో పోతారని ఆయనకు తెలియదా? సంఘపు లెక్కలు పెంచుకోవాలనుకునే సేవకుడు ఇంతకాలం ఆగడు. నేనైతే ఆగేవాడినో లేదో.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కూడిక పెట్టారు. సహాయం ముగిసింది, ఇక ఏమీ దొరకదని చెప్పారు. అయినా వేలమంది వచ్చారు. తమకు డబ్బు వద్దనీ, చేతుల మీది బొబ్బలే తాము కష్టపడి బ్రతికామని సాక్ష్యమిస్తాయనీ వేడుకున్నారు. అప్పుడు కూడా దొరగారు తొందరపడలేదు. ఏ పల్లెవారిని ఆ పల్లె ఎరిగిన సువార్తికుడే కూర్చోబెట్టి పరీక్షించాలని ఏర్పాటు చేశారు. సంగతి తెలియనివారిని మళ్లీ రమ్మన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. దొరగారు నీళ్లలోకి దిగలేదు. ఒడ్డునే ఉండి వచ్చినవారి విచారణ చూసుకున్నారు.

ఇంత జాగ్రత్త పడినా విమర్శ ఆగలేదు. ఈసారి అది ఆయన స్వదేశం నుంచే వచ్చింది. ఇన్ని వేలమందిని ఇంత త్వరగా చేర్చుకోవడమేమిటని, వీరికి వాక్యం ఏమి తెలుసునని అన్నారు. మొదటి ప్రశ్నకు ఆయన దగ్గర పదిహేను నెలల జవాబు ఉంది. రెండవ ప్రశ్నకు లేదు, ఎందుకంటే అది నిజమే. చదువు రాని వేలమందిని కొద్దిమంది బోధకులు ఎలా నడిపించగలరు? అందుకే ఆ తరువాతి సంవత్సరాలు పల్లె బడులకు, బోధకుల శిక్షణకు, ఒంగోలు ఉన్నత పాఠశాలకు పోయాయి. అమెరికా వెళ్లినప్పుడు కూడా ఊరూరా తిరిగి మనుష్యులను, సొమ్మును అడిగారు.

ముసలితనంలో తన జీవితకథను రెండవ భార్య ఎమ్మాగారికి చెప్పి వ్రాయించారు. పడమటి దేశపు సంఘ పద్ధతులను తెలుగు పల్లెల మీద మోపడం గురించి తన అభిప్రాయం ఎలా మారిందో, పల్లె పెద్దల దగ్గర తాను ఏమి నేర్చుకున్నారో అందులో దాచలేదు. 1910లో ఆయన ప్రభువు నందు నిద్రించారు. ఆ పుస్తకం 1914లో అచ్చయింది.