ఆనందోబ్రహ్మ ధర్మవరపు

భరతముని హాస్యమును ఆరు తెరగులుగా విభజించినాడు. పెదవి కొలదిగా విచ్చుకొను స్మితము మొదటిది. మేను మరచి నవ్వు అతిహసితము చివరిది. మొదటి రెండును ఉత్తమ ప్రకృతులవని ఆయన తీర్పు. నేటి వినోదము చివరిదానికే పరుగిడుచుండగా, ఆ మొదటి రెంటిని నమ్ముకొని తెలుగువారి ఇండ్లలో చోటు సంపాదించిన నటుడు ధర్మవరపు సుబ్రహ్మణ్యం.

ఆయన 1954లో అద్దంకి ప్రాంతములోని కొమ్మినేనివారిపాలెములో జన్మించినారు. ఒంగోలులో చదువుకొనినారు. నాటకరంగమే ఆయనకు తొలి గురుకులము. ప్రభుత్వోద్యోగములో ఉన్నను మనసు రంగస్థలమును విడువలేదు.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో నెలకొన్నది. అందు ప్రసారమైన 'ఆనందోబ్రహ్మ' హాస్యధారావాహికతో ఆయన పేరు ఇంటింటికి చేరినది. ఆ శీర్షిక తైత్తిరీయోపనిషత్తులోనిది. అన్నము, ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లెక్కి, తుదకు ఆనందమే బ్రహ్మమని వరుణపుత్రుడైన భృగువు తెలుసుకొన్న మాట అది. నవ్వులాటకు ఇంత బరువైన పేరా అని కొందరికి తోచవచ్చును. నాకు మాత్రము అది చక్కని ఎంపికగానే తోచుచున్నది. పెద్దపేరు పెట్టుకొని చిన్న సంగతులు చెప్పుటలోనే సగము హాస్యమున్నది.

ఆయన ముఖము నవ్వదు, మాట నవ్వించును. తొందరపడని ఉచ్చారణ, పదమునకు పదమునకు నడుమ కొలిచి విడిచిన విరామము, అతి సామాన్యమైన విషయమును శాస్త్రనిర్ణయము వలె పలుకు గాంభీర్యము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డలో పలుకుబడి వేరు. అందులో కన్నడపు ఛాయ కూడ కలదు. అయినను ఆ అద్దంకి సీమ మాట మా గద్వాల పిల్లలకు ఏ వివరణయు లేకనే అందినది. విద్వత్సభలతో పేరుగాంచిన సంస్థానపు ఊరిలో, పెట్టె ముందు చేరిన జనము మాటలోని సొగసుకు నవ్వుట నాకు ముచ్చట గొలిపినది.

1989లో జంధ్యాల 'జయమ్ము నిశ్చయమ్మురా'తో ఆయన చలనచిత్రములలో ప్రవేశించినారు. 'తోకలేని పిట్ట' చిత్రమునకు దర్శకత్వము వహించినారు. తరువాత వేషములు కోకొల్లలు. వానిలో 2001 నాటి 'నువ్వు నేను'లోని కళాశాల అధ్యాపకుని పాత్ర జనుల నోళ్లలో నిలిచినది. శిష్యుల చేత నానా అవస్థలు పడు గురువు ఆయన! మన వృత్తిని అపహాస్యము చేసినారని ఉపాధ్యాయ మిత్రులు కొందరు నొచ్చుకొనుట నేనెరుగుదును. ఆ నొప్పిలో న్యాయము లేకపోలేదు. గురువును వెక్కిరించుటయే తెలివి అనుకొను విద్యార్థులు ఆ చిత్రమునకు ముందును ఉండిరి, తరువాతను ఉన్నారు. వారికి వెండితెర అండ దొరకినట్లయినది. కాని ఆ పాత్రను జాగ్రత్తగా చూడుడు. తరగతిలో మర్యాద పోవుచున్నను మాటలోని మర్యాదను ఆ అధ్యాపకుడు వదలడు. మనకు నవ్వు వచ్చునదియు, కొంచెము జాలి కలుగునదియు అందువలననే. అట్టి నటన లేనిచో అది కేవలము వెక్కిరింతయే అయ్యెడిది.

అయినను నా దృష్టిలో ఆయన నిజమైన కొలువు చిన్నతెరయే. సినిమాలో ఆయనకు దొరకినది కథ నడుమ కొన్ని నిమిషములు. అక్కడ విరామమునకు వ్యవధి తక్కువ. విరామమే ఆయన విద్య.

వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలములో ఆయన రాష్ట్ర సాంస్కృతిక మండలి అధ్యక్షపదవి నిర్వహించినారు. 2013 డిసెంబరు 7న, కాలేయపు క్యాన్సరుతో హైదరాబాదులో కన్నుమూసినారు. అప్పటికి ఏబదితొమ్మిదేండ్లు. 2017లో 'ఆనందోబ్రహ్మ' అను పేరుతోనే ఒక దయ్యాల హాస్యచిత్రము వచ్చినది. మా కళాశాల పిల్లలకు ఆ పేరు చెప్పగానే స్ఫురించునది ఆ చిత్రమే. వారి తండ్రులకు మాత్రము నేటికిని ధర్మవరపు ముఖమే.