మోటుపల్లి అభయశాసనకర్త గణపతిదేవ చక్రవర్తి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల వారమైన మనకు సముద్రము బహుదూరము. కాని జూరాల వద్ద మనము చూచు కృష్ణాజలములే తూర్పునకు సాగి, దివిసీమను రెండు పాయల నడుమ ద్వీపముగా చుట్టి కడలిలో కలియును. ఆ ద్వీపమును, చీరాల సమీపమందలి మోటుపల్లి రేవును ఏలిన కాకతీయ గణపతిదేవుని చరిత్రతో మన పాలమూరు సీమకును సంబంధము కలదు.

ఆయన రాచరికమునకు ముందు చెర అనుభవించినవాడు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులపై దండెత్తి మరణింపగా, గణపతి శత్రువులకు బందీగా చిక్కెను. ఆ విపత్కాలమున సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యమును కాపాడెను. యాదవరాజు జైతుగి విడిచిపెట్టగా గణపతి 1199లో సింహాసనమెక్కి, అరువది యేండ్లకు పైగా పాలించెను.

పట్టాభిషేకమైన కొలది కాలమునకే ఆయన సేనలు దివిపై పడెను. ఆ దాడి నడపిన మల్యాల చౌండ సేనాని, ద్వీపమును కొల్లగొట్టినవాడను అర్థము గల బిరుదును సగర్వముగా ధరించెను. ఈ మల్యాల వంశమువాడైన గుండయ దండనాథుడే తరువాతి కాలమున వర్ధమానపుర ప్రభువు గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబికను వివాహమాడెను. నాగర్‌కర్నూలు సమీపమందలి నేటి నందివడ్డెమానే ఆ వర్ధమానపురము.

దివిని గెలిచిన గణపతిదేవుడు ఆ ప్రభువుల ఆడపడుచులైన నారమ్మ, పేరమ్మలను పెండ్లాడెను. వారి సోదరుడు జాయపను గజసాహిణిగా నియమించెను. 1253-54లో నృత్తరత్నావళిని రచించినవాడు ఈ జాయపయే.

ఇక సముద్ర వ్యాపారము మాట. తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుర్రములను, బంగారమును, రత్నములను పూర్వరాజులు బలవంతముగా గైకొనెడివారు. ప్రాణములతో బయటపడిన వర్తకునకు కట్టుబట్టలే మిగిలెడివి. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన శాసనమున ఈ దురాచారమును త్యజించెను. ప్రాణమునకు తెగించి కడలి దాటి వచ్చువారిపై దయతోను, కీర్తిని, ధర్మమును కోరియు, నిర్ణీత సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు మాత్రమే. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు మున్నగు సరకులకు శాసనములో వేర్వేరుగా రేట్లు చెక్కించుటచే అధికారులు ఇష్టానుసారము గుంజుకొను అవకాశము లేకపోయెను.

ఇందు దయతోపాటు దూరదృష్టియు కలదని మేము తలంతుము. ఒకసారి దోచుకొనబడిన నావికుడు మరల ఆ రేవునకు రాడు. ఓడ రాని రేవులో సుంకమును రాదు. దోపిడిని బిరుదుగా మోసిన సేనానికి ప్రభువైన రాజే, నలుబది యేండ్లు గడచునప్పటికి, దోపిడిని మానుటలో కీర్తిని చూచెను. ఆయన జీవితమున మాకు మిక్కిలి గొప్పగా తోచునది ఈ మార్పే.

గణపతిదేవుని అనంతరము కుమార్తె రుద్రమదేవి రాజ్యమేలెను. ఆ శతాబ్ది చివరి దశాబ్దమున తూర్పు దేశములనుండి మరలిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో తన గ్రంథమున మోటుపల్లి రాజ్యమును, అచటి వజ్రములను, అతి సన్నని వస్త్రములను ప్రస్తావించెను. ఏడ్రియాటిక్ సముద్రములోని కోర్చులా అను చిన్న ద్వీపమువారు ఆయన తమ గడ్డపై పుట్టినవాడేయని చెప్పుకొందురు. అంతటి నావికుల సీమకును మన తెలుగురేవు పేరు అట్లు చేరెను.

కాకతీయ సామ్రాజ్యము 1323లో అంతరించెను. అయినను 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయశాసనమిచ్చెను. గణపతిదేవుని మాట చెక్కిన స్తంభము మోటుపల్లి వీరభద్రాలయమున నిలిచినది. విద్యార్థి మిత్రులారా, మన భాష ఎరుగని పరదేశి ఆపదలో మన గడప త్రొక్కినపుడు, అతని సొత్తు అతనిదేయని పలుకుట పాలకుని కనీసధర్మమని ఆ రాయి తెలుపుచున్నది. అది పాలకునికే కాదు, మనకును వర్తించును.