కాశీకి దారి రాసిపెట్టిన ఇంటర్‌ప్రిటర్



ఈసారి సెలవుల్లో నానమ్మనో తాతయ్యనో వెంటబెట్టుకుని యాత్రకు వెళ్తున్నారా? అయితే ఏనుగుల వీరాస్వామయ్య గారి గురించి పిల్లలకు చెప్పండి.

ఆయనకు చిన్నప్పుడే తండ్రి పోయారు. ఇంగ్లీష్ నేర్చుకుని 12 ఏళ్ళకే కంపెనీ ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరారు. చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. అక్కడ జడ్జీలు ఇంగ్లీష్ వాళ్ళు, సాక్షులేమో తెలుగు, తమిళం మాట్లాడేవాళ్ళు. మధ్యలో ఒక్క మాట తప్పుగా చెబితే ఎవరో ఒకరి పొలం, ఒక్కోసారి ప్రాణం కూడా పోవచ్చు. ఎంత బాధ్యతో చూడండి.

1830 మే 18న ఆయన పల్లకిలో, సుమారు వందమందితో కాశీకి బయలుదేరారు. రైళ్ళు లేని కాలం. మన హైదరాబాదు మీదుగా నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూసి 1831 సెప్టెంబర్ 3న తిరిగి మద్రాసు చేరారు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి తెలియజేస్తూ వచ్చారు. ఏ మజిలీకి ఎంత దూరం, బాట ఎలా ఉంది, నీళ్ళు దొరుకుతాయా, బస ఎక్కడ, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, అన్నీ రాశారు. అదీ గ్రాంథికంలో కాదు. ఇంగ్లీష్, హిందుస్తానీ మాటలు కలిసిన, అప్పటి జనం వాడే తెలుగులో! సంస్కృతం రానివాళ్ళకూ దారి తెలిసింది.

ఆయన 1836లో చనిపోయారు. పిళ్ళె గారు 1838లో కాశీయాత్ర చరిత్రను అచ్చు వేయించారు.

పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను తరచూ అడుగుతుంటారు, పిల్లల ఇంగ్లీష్ కోసం ఇంట్లో సొంత భాష మానేయాలా అని. నేను ఇంగ్లీష్ టీచర్నే, అయినా వద్దనే అంటాను. మన పటాన్‌చెరులో ఇళ్ళల్లో హిందీ, ఒడియా, మరాఠీ కూడా వినిపిస్తాయి. అవన్నీ ఉండనివ్వండి. బోర్డు మీద ఇంగ్లీష్ చదివి నానమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి పిల్లలకు రెండు భాషలూ కావాలి కదా!

ఝరాసంగం వెళ్తే ఒక పని చేయించండి. మెట్లు ఎన్ని, కూర్చోవడానికి నీడ ఎక్కడ, తాగునీళ్ళు ఎక్కడ, ఆటో ఎంతవరకు వస్తుంది, ఇవన్నీ పిల్లలే చూసి పెద్దవాళ్ళ భాషలో రాయాలి. చూపు ఆనని వాళ్ళకు చదివి వినిపించాలి. సెలవుల తర్వాత ఆ కాగితం బ్యాగ్‌లో పెట్టి పంపండి, క్లాస్ బోర్డు మీద పెడతాం.