చిన్న మిషనుకు పెద్ద భాష: ఎ.ఎస్. రావు గారి కథ

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా తెలియనివాళ్ళు మన కాలేజీలో ఎవరూ ఉండరు. ఆ పక్కనే ఎ.ఎస్. రావు నగర్. హాస్టళ్ళు, కోచింగు సెంటర్లు, టిఫిను బండ్లు. అక్కడ గది అద్దెకు తీసుకుని చదివిన మా సీనియర్లను ఆ రావు ఎవరని అడిగితే, ఎవరో లీడరు అయి ఉంటాడన్నారు. మిత్రులారా, ఆయన లీడరు కాడు, మనలాగే సైన్సు చదువుకున్న పల్లెటూరి మనిషి.

అయ్యగారి సాంబశివరావు 1914 సెప్టెంబర్ 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు పూర్వీకులదీ అదే ఊరు. ఆ రోజుల్లో అక్కణ్ణుంచి కాశీ వెళ్ళి హిందూ విశ్వవిద్యాలయంలో సైన్సు చదవడమే గొప్ప. ఈయన అక్కడితో ఆగక అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దాకా పోయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తెచ్చుకున్నారు. తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు. మొదట కాస్మిక్ కిరణాల పరిశోధన. తర్వాత అణుశక్తి శాఖకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాల పని. 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టరు నడిచినప్పుడు దాని నియంత్రణ పరికరాలు ఇక్కడ చేసినవే, ఆ పని వెనుక ఉన్నది రావు గారి బృందం. 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. బిరుదుల సంగతి ఇంతటితో చాలు.

నాకు ముఖ్యమనిపించింది వేరే. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. ఎలక్ట్రానిక్స్‌లో దేశం తన కాళ్ళ మీద తాను నిలబడాలని ఆయన కమిటీ ఒక ప్రణాళిక వేసింది. రావు గారు అందులో సభ్యులు. పెద్దదిక్కు పోయాక ఆ కాగితాలు బీరువాలో పడిపోవలసినవే. అలా కాలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది, నడిపే భారం రావు గారి మీద పడింది. రెండేళ్ళలో, 1969లో, అక్కడ టి.డి.సి.-12 తయారైంది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నమాట. అమ్మకానికి మన దేశంలో చేసిన మొదటి కంప్యూటరు అదే.

దాని జ్ఞాపకశక్తి ఎంతనుకున్నారు? మొదట్లో 4,096 పదాలు, పదానికి 12 బిట్లు. గుణిస్తే 49,152 బిట్లు, అంటే ఆరు కిలోబైట్లు. ఒక్కో బిట్టుకు ఆవగింజంత ఉంగరం, పూసలు గుచ్చినట్టు సన్నటి తీగలకు గుచ్చాలి. మన ఫోనులో ఒక్క ఫొటో ఆ మొత్తానికి కొన్ని వందల రెట్లు.

ఇక్కడే అసలు చిక్కు. ఫోర్ట్రాన్ లాంటి భాషలు పెద్ద మిషన్ల కోసం పుట్టినవి. మనం రాసే వాక్యాన్ని మిషను అంకెల్లోకి మార్చే కంపైలరు కూడా ఒక ప్రోగ్రామే, దానికీ చోటు కావాలి. పెద్ద మిషను కంపైలరును ఎత్తుకొచ్చి చిన్నదాంట్లో పెడతానంటే కుదరదు, ఎందుకంటే దీని ఆదేశాలు వేరు, చోటు తక్కువ. కొత్త మిషనుకు తగ్గట్టు తిరగరాయాలి. ఒక్కసారే చెయ్యలేని పనిని విడతలుగా చెయ్యాలి, ఒక విడత అయ్యాక అది ఖాళీ చేసిన చోట్లోకి రెండోది రావాలి. ఒకే కళ్ళంలో వంతులవారీగా నాలుగిళ్ళ వడ్లు ఆరబోసుకున్నట్టే. తర్వాత వచ్చిన 16 బిట్ల టి.డి.సి.-316 మీద ఫోర్ట్రాన్, బేసిక్ నడిచాయి. డబ్బా మన దేశంలో చేస్తే సరిపోదు, దానికి భాష రాకపోతే అది ఉత్త ఇనుపబీరువాయే.

రావు గారి కంపెనీ మీద విమర్శ లేకపోలేదు. సర్కారు అండతో పోటీ లేకుండా నడిచిందనీ, బయటి దేశాల వేగాన్ని అందుకోలేదనీ అన్నారు. అందులో నిజముంది. కానీ 1978లో ఐ.బి.ఎం. దేశం వదిలి వెళ్ళిపోయింది. ఇక్కడ మిషను విప్పి చూడగలిగినవాళ్ళు, దానికి ప్రోగ్రాములు రాయగలిగినవాళ్ళు అప్పటికే తయారై ఉండడం చిన్న సంగతా? నేనైతే కాదంటాను. ధర ఎక్కువైనా నేర్చుకున్న చెయ్యి మనదైంది.

ఆ సంవత్సరమే ఆయన పదవీ విరమణ చేశారు. మరుసటేడే, 1979లో, ఇ.సి.ఐ.ఎల్. ఓటింగ్ మిషను నమూనా చేసింది. పెట్టెలో పట్టుకుపోయే చిన్న మిషను, ప్రోగ్రామంతా ఒక చిప్‌లో. మా ములకలపల్లి మండలం అశ్వారావుపేట నియోజకవర్గంలోది. అడవి ప్రాంతమని 2018లోనూ 2023లోనూ మాకు పోలింగు సాయంత్రం నాలుగింటికే ముగించారు. గూడేల బడుల్లోకి ఆ పెట్టెలు మోసుకెళ్ళడం మా వాళ్ళంతా చూసినదే.

ఇప్పుడు ఆ పాత చిక్కు చేతిలోకొచ్చింది. నాకు ల్యాపుటాపు లేదు. మా నాయన ఈసారి పత్తి మీద పెట్టిన ఖర్చు చూశాక అడగబుద్ధి కాలేదు. ఫోనులోనే పైథాన్ వేసుకున్నాను. పైథాన్ లోపలి గుండె సి భాషలో రాసి ఉంటుంది కాబట్టి దాన్ని ఫోను చిప్పుకు తగ్గట్టు మళ్ళీ కంపైలు చెయ్యొచ్చు. కానీ ఫోనులో ఫైళ్ళు దాచే పద్ధతి వేరు, ఒక యాపు ఇంకో యాపును ముట్టుకోనివ్వదు, అవన్నీ సరిచెయ్యాలి. చాలాకాలం ఎవరికి తోచినట్టు వాళ్ళు అతుకులేశారు. 2024 అక్టోబరులో వచ్చిన 3.13 నుంచి ఆండ్రాయిడ్‌ను పైథాన్ వాళ్ళే అధికారికంగా తమ లెక్కలో చేర్చుకున్నారు. భాషంతా ఫోనులోనే ఉంటుంది కాబట్టి చేనుకాడ సిగ్నలు లేకపోయినా నడుస్తుంది. పత్తి ఏరినవాళ్ళకు కిలోల లెక్కన కూలి కట్టేది మొదటి ప్రోగ్రాము రాసుకున్నా. మా అమ్మ నోటిలెక్క దానికంటే ముందే తేలుతుంది, అది వేరే మాట.

సాంబశివరావు గారు 2003 అక్టోబర్ 31న కన్నుమూశారు. అప్పటికి మన ఊళ్ళలో ఇంకా ఎస్.టి.డి. బూతులే.