కాందిశీకుల పెన్నిధి నాన్సెన్

ధ్రువ ప్రాంతపు మంచు ఎడారులలో స్కీలపై సాగిన సాహసిగా ప్రపంచానికి పరిచయమైన ఫ్రిట్యోఫ్ నాన్సెన్, తన జీవితంలోని చివరి పదేళ్లను యుద్ధఖైదీలకు, క్షుధార్తులకు, నిలువ నీడలేని కాందిశీకులకు అంకితం చేసిన మహనీయుడు. ఆయన చేతిలో సైన్యం లేదు, ఖజానా లేదు. ఉన్నదల్లా ఆయన పేరుపై దేశదేశాల ప్రజలకున్న గౌరవమే.

నాన్సెన్ 1861 అక్టోబర్ 10న నార్వేలోని క్రిస్టియానియా (నేటి ఓస్లో) సమీపంలో జన్మించారు. జంతుశాస్త్రం అభ్యసించి, బెర్గెన్ మ్యూజియంలో పనిచేస్తూ నాడీ వ్యవస్థపై పరిశోధన జరిపి 1888లో డాక్టరేట్ పొందారు. అదే ఏడాది ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమిని అడ్డంగా దాటారు. 1893లో ఫ్రామ్ నౌకపై ఉత్తర ధ్రువయాత్రకు బయలుదేరారు. నౌకను కావాలనే మంచులో చిక్కుకోనిచ్చి, సముద్ర ప్రవాహంతోపాటు కొట్టుకుపోనివ్వడం ఆయన పన్నిన వ్యూహం. 1895 మార్చిలో యాల్మార్ యోహాన్సెన్‌తో కలిసి నౌకను విడిచి, కుక్కలు లాగే బండ్లతో 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశాన్ని చేరుకున్నారు. అంతవరకు మానవుడెవ్వరూ అంత ఉత్తరానికి చేరలేదు. తిరుగుదారిలో ఇద్దరూ ఒక రాతి గుడిసెలో ఎలుగుబంటి, వాల్రస్ మాంసంతో శీతకాలమంతా గడిపారు. ఆకలీ చలీ ఎటువంటివో ఆయనకు పుస్తకాలు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

1905లో స్వీడన్ నుంచి నార్వే విడివడిన తరువాత లండన్‌లో తన దేశ ప్రతినిధిగా పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1920లో నానాజాతి సమితి ఆయనకు ఒక కఠినమైన బాధ్యతను అప్పగించింది. యుద్ధం ఆగినా లక్షలాది ఖైదీలు రష్యాలోనూ మధ్య యూరప్‌లోనూ శిబిరాలలో మగ్గుతున్నారు. సోవియట్ ప్రభుత్వం సమితిని గుర్తించడం లేదు. ఆ ప్రభుత్వానికి సమితిపై లేని విశ్వాసం నాన్సెన్‌పై ఉండడం వల్లనే చర్చలు ముందుకు సాగాయి. బాల్టిక్ సముద్రం మీదుగా ఓడలు నడిచాయి. 1922 నాటికి 4,27,886 మంది స్వదేశాలకు చేరుకున్నారు.

అంతలోనే 1921లో వోల్గా నదీ పరీవాహక ప్రాంతాన్ని ఘోర క్షామం కబళించింది. రెడ్‌క్రాస్ తదితర సంస్థలు ఆగస్టులో జెనీవాలో సమావేశమై సహాయ కార్యక్రమ సారథ్యాన్ని నాన్సెన్‌కు అప్పగించాయి. సెప్టెంబర్‌లో ఆయన నానాజాతి సమితి ఎదుట నిలిచి ప్రభుత్వాలను ధనసహాయం కోరారు. ఒకచోట ధాన్యం మిగిలిపోయి, రేవులలో ఓడలు ఖాళీగా ఉండగా, మరొకచోట ప్రజలు చనిపోతున్నారన్నది ఆయన వాదన. అయితే ఆ సహాయం బోల్షివిక్ ప్రభుత్వాన్ని బలపరుస్తుందన్న శంకతో ప్రభుత్వాలు తిరస్కరించాయి. రాజకీయం తేల్చుకునే వరకు ఆకలి ఆగుతుందా అన్న ఆలోచన ఆ సభకు తట్టకపోవడం శోచనీయం. నాన్సెన్ మాత్రం వెనుదిరగలేదు. స్వయంగా క్షామపీడిత ప్రాంతాలలో పర్యటించి, అక్కడి దృశ్యాలను ఛాయాచిత్రాలుగా తెచ్చి, ఊరూరా ప్రసంగించి విరాళాలు సేకరించారు. హెర్బర్ట్ హూవర్ నాయకత్వాన అమెరికా సంస్థ అంతకంటే విస్తారంగా, ఒక దశలో కోటి మందికి అన్నం పెట్టింది. అయినప్పటికీ ఆ క్షామానికి సుమారు 50 లక్షల మంది బలయ్యారని అంచనా.

ఆయన పేరును చిరస్థాయిగా నిలిపినది మాత్రం ఒక కాగితం. విప్లవానంతరం దేశం విడిచిన రష్యన్ల పౌరసత్వాన్ని సోవియట్ ప్రభుత్వం 1921 డిసెంబర్‌లో రద్దు చేసింది. పత్రాలు లేనివారు సరిహద్దు దాటలేరు, పనికోసం మరో దేశానికి పోలేరు. శరణార్థుల హైకమిషనర్‌గా నాన్సెన్ 1922 జూలైలో జెనీవాలో ప్రభుత్వాలను సమావేశపరచి, వారికి గుర్తింపు పత్రం ఇచ్చేందుకు ఒప్పించారు. అదే నాన్సెన్ పాస్‌పోర్ట్. 1924లో దానిని ఆర్మేనియన్లకూ విస్తరించారు. క్రమంగా 50కి పైగా ప్రభుత్వాలు ఆమోదించాయి. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ వంటివారూ ఆ పత్రంతోనే ప్రయాణించారు. తరువాత ప్రవేశపెట్టిన రుసుము బిళ్లపై నాన్సెన్ చిత్రమే ఉండేది.

1922లో నోబెల్ శాంతి బహుమతి లభించగా, ఆ సొమ్మును సహాయ కార్యక్రమాలకే వెచ్చించారు. గ్రీసు, టర్కీల మధ్య 1923లో కుదిరిన జనాభా మార్పిడి ఒప్పందానికి ప్రేరకులలో ఆయన కూడా ఒకరు. సుమారు 15 లక్షల మందికి పుట్టిన ఊరితో సంబంధం తెగిపోయిన ఆ నిర్ణయం యుద్ధాన్ని నివారించిందనేవారు ఉన్నారు, అన్యాయమనేవారూ ఉన్నారు. దేశ విభజనను ఎరిగిన భారతీయులకు ఆ వివాదం కొత్తది కాదు. 1925లో ఆర్మేనియాలో పర్యటించి, అక్కడ శరణార్థుల పునరావాసానికి పథకం రూపొందించారు గానీ, నిధులు ఇచ్చే ప్రభుత్వం లేక అది కాగితానికే పరిమితమైంది. ఆ వైఫల్యం ఆయనను చివరివరకు బాధించింది.

1930 మే 13న లీసాకెర్‌లోని స్వగృహంలో నాన్సెన్ కన్నుమూశారు. నార్వే జాతీయ దినమైన మే 17న అంత్యక్రియలు జరిగాయి. ఆయన పేరిట ఏర్పడిన అంతర్జాతీయ శరణార్థుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. అదే ఏడాది చివరన ఆ కార్యాలయం మూతపడింది. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ 1954 నుంచి నాన్సెన్ పురస్కారాన్ని అందజేస్తోంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక కింద నేటికీ జారీ అవుతున్న ప్రయాణ పత్రానికి మూలం ఆనాటి నాన్సెన్ పాస్‌పోర్టే.