కొలువు దక్కని మేష్టారు

బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు పరీక్షనాళికలో తేలే ఆ నీలిరంగు గుర్తుండే ఉంటుంది. ఫాస్ఫరస్ లెక్కగట్టే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అది. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. (పరీక్ష పోయిన మిత్రులు గమనించగలరు!) మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయన ఖద్దరు గౌను తొడుక్కోవడం సర్జరీ ప్రొఫెసరు దొరగారికి గిట్టలేదు. దాంతో ఎం.బి.బి.ఎస్. అందలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. సర్కారు వైద్యశాఖలోనూ చోటు దొరకలేదు. చివరకు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరరుగా చేరారు. ఇంగ్లీషు వైద్యం చదివినవాడికి అది చిన్న కొలువే కావచ్చు. ఆయన మాత్రం దాన్ని చిన్నచూపు చూడలేదు సరికదా, ఆయుర్వేద మందులమీద ఆసక్తి పెంచుకున్నారు.

1923లో హార్వర్డు చేరారు. చదువుకుంటూనే పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరు పని చేశారు. 1925లో ఫాస్ఫరస్ పద్ధతి, 1930లో పిహెచ్.డి. కండరాల శక్తికి మూలమైన ఎ.టి.పి.ని కనుగొన్నవారిలో ఆయనొకరు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన అధ్యాపక పదవి ఇవ్వలేదు. ఇది అన్యాయం కాక మరేమిటి?

1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నాయకత్వంలోనే ఫోలిక్ ఆమ్లం తయారయింది, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు తెలియని ఊరుందా? ఆయన మాత్రం 1948లో, 53 ఏళ్లకే, అమెరికాలో కన్నుమూశారు. వెళ్లినవాడు మళ్లీ భీమవరం చూడనే లేదు.