యోయో చక్రాల బండి

డిసెంబర్ వచ్చింది. పగలంతా పత్తి తీతలు, రాత్రి కాగానే ఫోనులో బొమ్మల వేట. మీ పిల్లలు అడిగిన బొమ్మ స్టాకు ఉండదు. ఉన్నా, దాచేపల్లి పిన్‌కోడ్ కొడితే క్రిస్మస్ దాటాకే వస్తుందంటుంది. ఆ వేటలో మీకు తరచూ కనబడే పేరు లెగో. ఆ పేరు పెట్టింది ఒక పల్లెటూరి వడ్రంగి.

ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1891లో డెన్మార్క్‌లో పుట్టారు. బిల్లుండ్ అనే ఊళ్లో వడ్రంగి పని చేసేవారు. 1924లో పిల్లలు పొయ్యి వెలిగించబోతే చెక్కపొట్టు అంటుకుని ఇల్లూ కార్ఖానా కాలిపోయాయి. మళ్లీ కట్టుకున్నారు. అంతలో ఆర్థికమాంద్యం. రైతు చేతిలో డబ్బు లేకపోతే వడ్రంగికి పనెక్కడిది? మిర్చి ధర పడిన ఏడాది మన అంగళ్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. 1932లో భార్య పోయారు, నలుగురు కొడుకులు మిగిలారు. ఆ ఏడే చెక్కబొమ్మలు మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో యోయోల మోజు పట్టింది. చూస్తుండగానే తీరిపోయింది, సరుకు మిగిలిపోయింది. ఆయన ఆ యోయోలను రెండుగా కోసి బొమ్మ బండ్లకు చక్రాలుగా బిగించారు.

లెగో పేరు 1934లో వచ్చింది. బాగా ఆడుకో అని దాని అర్థం. ఒకసారి కొడుకు చెక్క బాతులకు మూడు పూతల బదులు రెండే వేసి, డబ్బు మిగిలిందని సంబరపడ్డాడు. తండ్రి ఆ పెట్టెలను స్టేషన్ నుంచి వెనక్కి తెప్పించి, మూడో పూత వాడిచేతే వేయించారు.

1942లో కార్ఖానా మళ్లీ కాలింది. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. గట్టిగా బిగిసే నేటి ఇటుకకు 1958 జనవరిలో పేటెంట్ కోరారు. మార్చిలో ఆయన కన్నుమూశారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకూ బిగుస్తుంది. చుట్టాలింట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యాక అటకెక్కించిన డబ్బా ఏదైనా ఉందేమో, ఒకసారి అడిగి చూడండి.